చుట్టకు పదహారు రాళ్ళు

టేకల్,
9-2-1981

బామ్మర్ది నరసింహప్పకు బావ గుండప్ప దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ అక్క చిన్నవెంకటమ్మ, రెండు ఆవులు, జీపు అందరం బాగున్నాం. అక్కడ మా అత్తగారి మోకాలినొప్పి ఎలా ఉంది? నీ గనిలో నైట్ షిఫ్టు అయిపోయిందా?

ఇంక అసలు సంగతి. పోయిన దసరాకు మీ ఇంటికి వేసుకొచ్చిన మిలటరీ వేలం జీపు నీకు గుర్తుండే ఉంటుంది. దాని పాత టైర్లు బోడిగుండులా అరిగిపోయాయని తీసేసి ట్రాక్టరు ట్రైలరు టైర్లు నాలుగు బిగించాను. అబ్బా, ఏం చెప్పేది! బండి బెత్తెడు పైకి లేచింది. మడి గట్లు, వంకలు ఏవీ లెక్కలేదు. పట్టుగూళ్ళ బుట్టలు వేసుకొని కోలారు మార్కెట్టుకు పోతుంటే జనం నిలబడి చూస్తున్నారు. నేను డ్రైవింగు ఎంత బాగా చేస్తానంటే, టేకల్ నుంచి మీ ఇంటికి బస్సువాడు ముప్పై ఏడు కిలోమీటర్లకు టిక్కెట్టు కొడతాడు కదా, నేను మధ్యలో రెండు అడ్డదారులు కనిపెట్టి ఇరవైలో వచ్చేస్తున్నాను. బండి డయలే చెబుతోంది.

అయినా మీ అక్కకు తృప్తి లేదు. "ఈ బండి నీళ్ళు తాగినట్టు పెట్రోలు తాగుతా ఉండాది. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తే ఉంచుకో, లేకపోతే యుగాదికి ఇది ఈ వాకిట్లో ఉండకూడదు" అని తేల్చి చెప్పేసింది. మాలూరులో పెంకుల ఫ్యాక్టరీ నడిపే సుబ్బరాయప్ప అప్పుడే వాసన పట్టి రెండుసార్లు వచ్చిపోయాడు.

సరే, చూద్దామని ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, సరిగ్గా పది లీటర్లు పోసి, అది ఆగిపోయేదాకా నడిపాను. ఎక్కడ ఆగిందనుకున్నావు? సుబ్బరాయప్ప ఫ్యాక్టరీ గేటు ముందరే! వాడు నవ్వుతూ వచ్చి బానెట్టు తట్టాడు. డయలు చూస్తే నలభై తొమ్మిది. లీటరుకు అయిదు కూడా రాలేదు బామ్మర్దీ!

నువ్వు అంత పెద్ద ఇంజను తిప్పి వేల అడుగుల లోతుకు మనుషులను దించి, ఎక్కించే వైండింగ్ డ్రైవరువి. ఈ చిన్న ఇంజను రోగం నీకు తెలియకుండా ఉంటుందా? ఉపాయం రాయి. యుగాదికి రెండు నెలలు కూడా లేదు. ఈ బండి పోతే నా ప్రాణం సగం పోయినట్టే.

అత్తకు చెప్పు: దసరా రోజు నా చెయ్యి పట్టుకొని ఆమె వేయించుకున్న ఒట్టు నేను మరిచిపోలేదు. "గుండప్పా, నా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోని నలభై దాటినావంటే నా మీద ఒట్టే" అన్నది కదా. ముల్లు ముప్పై ఐదు దాటలేదు. ఆయుధపూజకు మీ అక్క డయలు అద్దం మీద పెట్టిన బొట్టు కూడా చెరిపి ఎరగను.

నీ బావ,
గుండప్ప


కె.జి.ఎఫ్., చాంపియన్ రీఫ్స్,
15-2-1981

బావకు నరసింహప్ప నమస్కారాలు.

అమ్మ మోకాలు అలాగే ఉంది, నోరు మాత్రం బాగా పనిచేస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ముప్పై ఐదే అంటనా? బంగారట్ల అల్లుడు!" అని చుట్టుపక్కల నాలుగు ఇళ్ళకు వినిపించేలా అన్నది. నీ పేరు ఇప్పుడు మా లైన్లో మారుమోగుతోంది, జాగ్రత్త.

నీ ఇంజనుకు రోగం ఉందో లేదో తరువాత చూద్దాం. ముందు నీ డయలుకు రోగం ఉంది. టైర్లు మార్చి డయలును మార్చకుండా నమ్మేవాడిని నిన్నే చూశాను. మా దగ్గర మనుషులను గనిలోకి దించే కేజ్ ఎంత లోతుకు పోయిందో చెప్పడానికి కూడా ఒక డయలు ఉంటుంది. దానికి లోతు కనిపిస్తుందనుకున్నావా? దానికి తెలిసింది ఒకటే, తాడు చుట్టుకున్న డ్రమ్ము ఎన్నిసార్లు తిరిగింది అని. అందుకే తాడు కోసి మళ్ళీ కట్టినప్పుడల్లా, డయలు మీద గుర్తు కొత్తగా పెట్టేదాకా నేను లివరు ముట్టను. ముట్టితే కేజ్ అడుగుకు పోయి గుద్దుకుంటుంది, లేకపోతే పైన చక్రానికి తగులుకుంటుంది. లోపల ఉండేది మనుషులు. నీ జీపు డయలు కూడా అంతే. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో దానికి తెలుసు, ఎంత దూరం పోయిందో తెలియదు.

కాబట్టి నాకు కావలసింది ఒకటే. ఒక చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో కొలిచి రాయి. పాత టైరుకు ఎంత, కొత్త టైరుకు ఎంత. మిగతా లెక్క నేను చేస్తాను.

స్పీడు సంగతి కూడా గుర్తుంచుకో. మా గనిలో రెండు స్పీడులు. రాయిని పైకి లాగేటప్పుడు ఒకటి, మనుషులు ఎక్కితే అందులో సగం. మనుషులు ఎక్కారని గని నోటి దగ్గర పనిచేసే ఆర్థర్ గంట కొట్టాడంటే నా చెయ్యి దానంతట అదే మెత్తబడుతుంది. నువ్వు కూడా మా అక్కను మనుషుల స్పీడులోనే తిప్పు.

పెన్ను కక్కుతోంది, మరకలకు ఏమీ అనుకోవద్దు.

నీ బామ్మర్ది,
నరసింహప్ప


టేకల్,
23-2-1981

బామ్మర్దీ,

నువ్వు మామూలోడివి కాదు! నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట అర్థం కాలేదు. "ఒక చుట్టకు బండి ఎంత దూరం పోతుందో" అని రాశావు. ఇదేం కొలత అనుకున్నాను. మళ్ళీ ఆలోచిస్తే, గనిలో పనిచేసేవాళ్ళకు గడియారం అక్కరలేదు, చుట్టే గడియారం అని తోచింది. వెంటనే పనిలోకి దిగాను.

ఆదివారం పొద్దున్నే మీ అక్కను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒడిలో చింతపిక్కలు పోసి, "రోడ్డు పక్కన కిలోమీటరు రాయి కనిపించినప్పుడల్లా ఒక పిక్క ఇటు పెట్టు" అన్నాను. నేను ఎప్పుడూ తాగే మూడు గుర్రాల మార్కు చుట్ట తీసి, మొదటి రాయి దాటీ దాటగానే వెలిగించి, పొగ పీకుతూ ముల్లును ముప్పై ఐదు దగ్గర పెట్టి, అటూ ఇటూ కదలనివ్వకుండా పోయాను. అడ్డదారి తొక్కలేదు, మెయిన్ రోడ్డే. గాలి హోరుమంటోంది. మీ అక్క కొంగు జెండాలా ఎగిరింది. "నెత్తిన ఉండే పూలు యాడ పడిపోయినాయో చూడు!" అని అరిచి ఒకటే నవ్వు. పెళ్ళయిన పదేళ్ళలో ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. చుట్ట పెదవి కాలేదాకా వచ్చింది. బండి ఆపి పిక్కలు లెక్కపెట్టాం. పదహారు!

రాసుకో: కొత్త టైరుకు ఒక చుట్టకు పదహారు రాళ్ళు. డయలు మాత్రం తొమ్మిది కూడా చూపలేదు. రాళ్ళు పాతినవాళ్ళు తొందరలో దగ్గర దగ్గరగా పాతినట్టున్నారు. పాత టైరుకు ఎంతో నాకు తెలియదు, అప్పట్లో చుట్ట కాల్చి చూడలేదు. కావాలంటే పాత టైర్లు మళ్ళీ వేసి ఇంకో చుట్ట కాలుస్తాను, నాకేం కష్టం లేదు.

తొందరగా లెక్క తేల్చు. సుబ్బరాయప్ప నిన్న మళ్ళీ వచ్చాడు. జీపు ఇంజను ఊడదీసి పెంకుల మట్టి కలిపే మిషనుకు తగిలిస్తాడట! నా గుండెకాయను మట్టి పిసకడానికి పెడతానంటున్నాడు పాపిష్టోడు.

గుండప్ప


కె.జి.ఎఫ్.,
2-3-1981

బావా, ఓ నా బంగారు బావా!

నీ ఉత్తరం నేను వైండింగ్ ఇంజను గది బయట మెట్ల మీద కూర్చొని చదివాను. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంటే, ఆర్థర్ పరుగెత్తుకొచ్చి, "ఏమైంది నరసింహా, కడుపు నొప్పా?" అన్నాడు. వాడికి చదివి వినిపించాను. ఇప్పుడు మా గని షాఫ్టు మొత్తం నిన్ను 'చుట్ట బావ' అంటోంది. భూమి లోపల కూడా నీ పేరు పోయింది.

చుట్ట కాదయ్యా, చుట్టు! చుట్టు! చక్రం ఒకసారి గుండ్రంగా తిరిగితే ఒక చుట్టు. నా పెన్ను కక్కిన మరక కింద కొమ్ము మునిగిపోయినట్టుంది. అయినా ఏ మనిషైనా చుట్టతో దూరం కొలవమని రాస్తాడా? రాసినా ఏ మనిషైనా కొలుస్తాడా?

ఈసారి కొమ్ములు పెద్దవిగా పెట్టి రాస్తున్నాను, చూడు. టైరు మీద ఒకచోట సున్నం పూయి. బండిని చేత్తో తోయి. సున్నం గుర్తు నేలకు తాకిన చోట ఒక మేకు, మళ్ళీ తిరిగివచ్చి తాకిన చోట ఇంకో మేకు. రెండు మేకుల మధ్య టేపుతో కొలువు. పాత టైరు పెరట్లో పడి ఉంటుంది కదా, అదీ బిగించి అలాగే కొలువు. బండి బరువు మీద ఉన్నప్పుడే కొలవాలి, గాల్లో కాదు.

ఆ రాళ్ళు దగ్గరగా పాతారని నువ్వు రాసింది మాత్రం నా తలలో ముల్లులా గుచ్చుకుంది. దాని సంగతి తరువాత చూస్తాను.

అక్క నవ్వింది అని రాశావు. అమ్మకు అది చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది. ఆ మాట రాసినందుకు నీ తప్పులన్నీ మాఫీ.

నరసింహప్ప


టేకల్,
10-3-1981

బామ్మర్దికి,

ఊరంతా నన్ను వెక్కిరించేలా చేసింది కాక, భూమి లోపల కూడా వెక్కిరించేలా చేశావు. సంతోషం.

కొలిచాను. కొత్త టైరు ఒక చుట్టుకు ఎనిమిది అడుగులు. పాత టైరు ఏడు అడుగులు. ఈసారి కొమ్ము నేనూ పెట్టాను చూసుకో.

నీ లెక్క కోసం ఆగకుండా నేనే చేసుకున్నాను, నేనూ నాలుగో క్లాసు చదివినవాడినే. పెద్ద చక్రం కాబట్టి తక్కువసార్లు తిరుగుతుంది. తక్కువసార్లు తిరిగితే తక్కువ పోయినట్టే కదా? కాబట్టి నలభై తొమ్మిదిని ఎనిమిదితో భాగించి ఏడుతో గుణించాను. నలభై మూడు కూడా రాలేదు! అంటే లీటరుకు నాలుగు చిల్లర. నిన్ను అడగకముందు నాకు అయిదు దగ్గరలో ఉండేది. నువ్వు లెక్క నేర్పించి దాన్ని కూడా తగ్గించావు.

ఇంగ ఆశ లేదు. సుబ్బరాయప్పకు మాట ఇచ్చేస్తాను. యుగాది రోజు పొద్దున్నే వచ్చి తోలుకుపోతాడు. నిన్న సాయంత్రం బండికి కడుపునిండా నీళ్ళు పోసి కడిగి, చామంతిపూల దండ వేశాను. మీ అక్క తలుపు దగ్గర నిలబడి చూసి, "యాల ఇట్ల మొగం పెట్టుకోని ఉండావు?" అన్నది. నేను దండ సరిచేస్తూ నిలబడ్డాను. ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. తొమ్మిది అన్న మాట నోటి నుంచి వచ్చేసింది కదా, వెనక్కి తీసుకోదు. మీ వంశం పట్టుదల నాకు తెలియనిదా!

నీకు తెలిసిన ఫోటో ఆయన ఎవరైనా ఉంటే వెంట తీసుకురా. నేను, జీపు కలిసి ఒక ఫోటో దిగాలి.

గుండప్ప


కె.జి.ఎఫ్.,
16-3-1981

బావా, ఆగు! సుబ్బరాయప్పకు మాట ఇవ్వొద్దు!

ఇచ్చి ఉంటే జ్వరమొచ్చి పలవరించానని చెప్పు. ఈ ఉత్తరం ఒంటరిగా చదువు. చదివాక చింపేయి. అక్క కంట పడకూడదు.

మొదటిది, నీ నాలుగో క్లాసు లెక్క తలకిందులు. డయలుకు నువ్వు టైరు మార్చిన సంగతి తెలియదు. ప్రతి చుట్టుకూ అది ఏడు అడుగులే అని రాసుకుంటోంది, నీ బండి ఎనిమిది అడుగులు పోతోంది. కాబట్టి ఏడుతో భాగించి ఎనిమిదితో గుణించాలి. నలభై తొమ్మిది కాదు, యాభై ఆరు.

యాభై ఆరైనా లీటరుకు అయిదూ చిల్లరే కదా అంటావు. నేనూ అలాగే దిగులుపడి కూర్చున్నాను. అప్పుడు నీ చుట్ట గుర్తుకొచ్చింది. నవ్వకు. బజారుకు పోయి ఒక మూడు గుర్రాల చుట్ట కొన్నాను. నేను తాగను కదా, ఆర్థర్ చేతికిచ్చి, వాచీ పట్టుకొని ఎదురుగా కూర్చున్నాను. వాడు చర్చికి వెళ్ళేవాడు, అబద్ధం ఆడడు. సరిగ్గా పదిహేను నిమిషాలకు పెదవి కాలింది. జీపులో గాలికి ఇంకా తొందరగా కాలి ఉండాలి.

పదిహేను నిమిషాల్లో పదహారు కిలోమీటర్లు. గంటకు ఎంత బావా? అరవై నాలుగు! డయలులో ముప్పై ఐదు, టైరు తేడా సరిచేస్తే నలభై. రోడ్డు మీద అరవై నాలుగు. ఆ నలభైకీ ఈ అరవై నాలుగుకూ మధ్య ఏముంది? రాళ్ళు దగ్గరగా పాతలేదు. నువ్వు అడ్డదారులూ కనిపెట్టలేదు. ముప్పై ఏడు కిలోమీటర్ల దారి ఎప్పుడూ ముప్పై ఏడే. నీ బండి పాత మిలటరీ బండి. దాని డయలు కిలోమీటర్లలో ఉండదు, మైళ్ళలో ఉంటుంది! ఆయుధపూజ బొట్టు కింద ఏం అక్షరాలు ఉన్నాయో చూసి రాయి.

మైళ్ళే అయితే నీ యాభై ఆరు మైళ్ళు తొంభై కిలోమీటర్లు, పైన ఒక నూరు మీటర్లు మిగులు. పది లీటర్లకు తొంభై. లీటరుకు తొమ్మిది! అక్క అడిగిన తొమ్మిది!

ఇప్పుడు కూర్చో. కూర్చున్నావా? ఇదే లెక్కలో నీ ముప్పై ఐదు అరవై నాలుగు అవుతుంది. తొమ్మిది కావాలంటే అరవై నాలుగు ఒప్పుకోవాలి. ఒకటి ఉంచుకొని ఒకటి పారేయడానికి లేదు. అమ్మ వేయించుకున్న ఒట్టు నలభై.

నరసింహప్ప


టేకల్,
24-3-1981

బామ్మర్దీ, నా తండ్రీ, నా లెక్కల దేవుడా!

తడిగుడ్డతో బొట్టు తుడిచాను. కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఎలా ఉంటే అలా పలక మీద బొమ్మ గీసి తీసుకెళ్ళి పోస్టుమాస్టరుకు చూపించాను. "గంటకు ఇన్ని మైళ్ళు అని" అన్నాడు. అక్కడే ఎగిరి గంతేశాను. ఆయన స్టాంపుల డబ్బా కింద పడింది. ఇంటికి వస్తూ దారిలో కనపడిన ప్రతివాడికీ చెప్పాను, తొమ్మిది, తొమ్మిది అని. వాళ్ళకు ఏం అర్థమైందో, ఒకడు "మగబిడ్డనా?" అని అడిగాడు.

ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. అరవై నాలుగు! ఒకసారి కాదు, దసరా నుంచి మార్కెట్టుకు పోయిన ప్రతిసారీ మీ అక్కను పక్కన పెట్టుకొని మహారాజులా ఆ స్పీడులోనే పోయాను. అప్పట్లో పాత టైర్లే కాబట్టి కొంచెం తక్కువ, ఇప్పుడు పూర్తి అరవై నాలుగు. అత్త మీద ఒట్టు పెట్టుకొని! ఆమె మోకాలినొప్పి అందుకే తగ్గలేదేమో! రాత్రంతా నాకు నిద్ర లేదు.

ఒక ఉపాయం తోచింది. పెట్రోలుకు మైళ్ళ లెక్క వేద్దాం, స్పీడుకు కిలోమీటర్ల లెక్క వేద్దాం. నువ్వు ఒక కాగితం మీద 'ఈ బండి లీటరుకు తొమ్మిది ఇస్తుంది' అని మాత్రం రాసి సంతకం పెట్టి పంపు. గవర్నమెంటు గనిలో వైండింగ్ డ్రైవరు సంతకం అంటే మీ అక్క కాదనదు. సుబ్బరాయప్పకు జ్వరం సంగతే చెప్పాను, ఇంక రెండు రోజులకు మించి జ్వరం నడవదు.

ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. మీ అక్కతో ఇంతవరకు ఒక్క అబద్ధం ఆడలేదు. నీ పాత ఉత్తరాలు చింపడానికి చేతులు రాలేదు, జీపు సామాన్ల డబ్బాలో స్పానర్ల కింద దాచాను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

గుండప్ప


కె.జి.ఎఫ్.,
29-3-1981

బావకు,

కాగితం పంపడం లేదు. పద్నాలుగేళ్ళుగా వైండరు లాగ్ పుస్తకంలో నేను ఒక్క తప్పు అంకె రాయలేదు. అందులో రాసేది నమ్మి రోజూ వందలమంది కేజ్ ఎక్కుతారు. నీ జీపు కోసం మొదలుపెట్టలేను. కోపం వద్దు.

నువ్వు చెప్పలేవని నేనే అమ్మ దగ్గర కూర్చొని మొత్తం చెప్పేశాను. టైర్లు, సున్నం, చుట్ట, ఆర్థర్ పెదవి, బొట్టు, అంతా. చివరికి, "అమ్మా, బావ ఒట్టు తప్పినాడు. నలభై అన్నావు, అరవై నాలుగు పోయినాడు" అన్నాను.

అమ్మ చెవి నా వైపు పెట్టి, "అరవై నాలుగు ఏమిరా?" అన్నది.

"కిలోమీటర్లమ్మా."

"అదేమి కొలతరా? నేను కిలోమీటరు అని ఎప్పుడన్నా నోరు తెరిచి అన్నానా? మీ నాయన దొరల కాలంలో ఈడికి పనికి వచ్చిన దినం నుంచి మాకు మైలే. మార్కెట్టు ఎంత దూరమంటే మైలు. ఆస్పత్రి ఎంత దూరమంటే మైలున్నర. నేను నలభై అంటే మైలు గాక ఇంగేమి? మైల్లో చెప్పు, ఎంత పోయినాడు?"

బావా, నేను వేళ్ళు మడిచి మళ్ళీ లెక్క వేశాను. ముప్పై ఐదును ఏడుతో భాగిస్తే అయిదు, ఎనిమిదితో గుణిస్తే నలభై. సరిగ్గా నలభై మైళ్ళు! ఒక్క గజం ఎక్కువ లేదు, తక్కువ లేదు!

"సూస్తివా? నా అల్లుడు మాట తప్పేవాడు కాదు" అని నా వీపు మీద ఒకటి చరిచింది. ఆ సాయంత్రం లైనంతా తిరిగి చెప్పుకొచ్చింది. మోకాలినొప్పి ఉన్నట్టే లేదు.

కాబట్టి ఒట్టు నిలబడింది, తొమ్మిది వచ్చింది, జీపు నీదే. అక్కకు మాత్రం నువ్వే నీ నోటితో చెప్పాలి. ఇంకో మాట. అమ్మ లెక్క ఆమెది, నా లెక్క నాది. నువ్వు మా అక్కను రాతి స్పీడులో తిప్పావు. ఇంకనైనా మనుషుల స్పీడులో పో. డయలులో ఇరవై రెండు చూపితే అసలు నలభై కిలోమీటర్లు. అది దాటొద్దు.

నరసింహప్ప


టేకల్,
6-4-1981

తమ్ముడు నరసింహప్పను అక్క చిన్నవెంకటమ్మ దీవించి రాసేది.

నిన్న యుగాది బాగా జరిగింది. ఒబ్బట్లు చేశాను. సుబ్బరాయప్ప తాడు తీసుకొని జీపును కట్టి లాక్కుపోవడానికి వస్తే, ఆకులో నాలుగు ఒబ్బట్లు పెట్టి, "మట్టి పిసకను ఎద్దులను చూసుకోప్పా" అని పంపేశాను.

మీ ఇద్దరికీ నేను ఉత్తరాలు చదవడం వచ్చినదాన్నని ఎప్పుడు గుర్తుకొస్తుంది? పండగకు జీపు కడుగుతూ స్పానర్ల కింద డబ్బా తెరిచాను. అన్నీ చదివాను. చుట్ట ఉత్తరం దగ్గర నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడ్డాను. కానీ నాకు అందులో కొత్త సంగతి ఏదీ లేదు నాయనా. బస్సుకు గంట పట్టే దారి ముప్పావుగంట కూడా పట్టకుండా పోతుంటే, గాలికి కళ్ళలో నీళ్ళు కారుతుంటే, ముప్పై ఐదు అంటే నమ్మడానికి నేనేమన్నా చంటిపిల్లనా? ఆ ఆదివారం నా ఒడిలో పదహారు పిక్కలు పడ్డాయి. ఒక్కొక్క పిక్క పడేసరికి నాకు ఎంత సంతోషం వేసిందో మీ ఇద్దరికీ లెక్క తెలియదు.

పుట్టింట్లో ఉన్నన్నాళ్ళు గనిలో ప్రమాదమని సైరను మోగితే చాలు, అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నాన్న కేజ్‌లోంచి బయటకు వచ్చేదాకా వాకిట్లో నిలబడేది. నేనూ ఆమె కొంగు పట్టుకొని నిలబడేదాన్ని. ఊపిరి బిగబట్టి పెరిగినదాన్ని తమ్ముడూ. ఈ బండిలో మాత్రం గాలి ముఖానికి కొడుతుంటే ఊపిరి దానంతట అదే వస్తుంది. ఈ మాట ఆయనతో చెప్తే భయపడి స్పీడు తగ్గిస్తాడని చెప్పలేదు. తొమ్మిది అన్నది పెట్రోలు కోసమే అన్నాను, నిజమే. ఆయన దండ వేసి ఏడుపుముఖం పెట్టిన రోజు నేను కూడా లోపలికి పోయి ఏడ్చాను. అన్న మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. నీ లెక్క వచ్చి నా పరువు కాపాడింది.

కాపాడి మళ్ళీ ముంచావు. నీ ఆఖరి ఉత్తరం వచ్చిన రోజు మీ బావ నా ముందు చేతులు కట్టుకొని నిలబడి అంతా చెప్పేశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను "సర్లే" అన్నాను. అప్పటి నుంచి ముల్లు ఇరవై రెండు దాటితే ఒట్టు! నిన్న గుడికి పోతుంటే టమోటాలు వేసుకున్న ముసలి లారీ కూడా మమ్మల్ని దాటిపోయింది. ఆ లారీవాడు వెనక్కి తిరిగి, "ఏమక్కా, బండి చెడిపోయినాదా?" అని అడిగాడు. నా తలలో పూలు ఒక్క రేకు కదలలేదు. "ఏమయ్యా ఇది?" అంటే, "మనుషుల స్పీడు, మీ తమ్ముడు రాసినాడు" అంటాడు.

ఈ ఉత్తరం అందిన రోజే ఆయనకు రాయి, ముల్లు మళ్ళీ ముప్పై ఐదు దగ్గర పెట్టమని. నీ మాట తప్ప ఇంకెవరి మాటా వినేటట్టు లేడు. అమ్మ నలభై మైళ్ళు అన్నది కదా, ఆమె కూతురిని, నాకూ అంతే. మనుషుల స్పీడు మీ గనిలో పెట్టుకో తమ్ముడూ. నన్ను రాయి లెక్కలో రాసుకో.

ఇంకొక మాట. పండగ పూజకు డయలు అద్దం మీద ఆ మూడు అక్షరాలు కనబడకుండా మళ్ళీ బొట్టు పెట్టాను. ఈసారి కొంచెం పెద్దదే పెట్టాను.

అక్క,
చిన్నవెంకటమ్మ